పాముల సన్యాసి గుడి దారి

ఉద్యోగమంతా జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని నేను. అరకు జూనియర్ కాలేజీలో పనిచేసిన రోజుల్లో హాస్టలు వెనక దయ్యం తిరుగుతోందని ఆడపిల్లలు వణికితే, టార్చి పట్టుకుని వెళ్లి ఆ దయ్యం పునుగుపిల్లి అని చూపించాను. పూనకాలు, గాలి సోకడాలు నాకు నవ్వు తెప్పించేవి. ఇప్పటికీ దయ్యాల్ని నమ్మను. అందుకే ఈ సంగతి ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను.

తొంభైల చివరి మాట ఇది. మా చిన్నప్పుడు విజయనగరంలో మేము ఒక మార్వాడీ బట్టల వ్యాపారి ఇంట్లో మేడమీద అద్దెకుండేవాళ్లం. ఆ ఇంటి పెద్దావిడను ఊరంతా దాదీ అని పిలిచేది. జైనులు. ఆవిడ పుట్టింది, పెరిగింది విజయనగరంలోనే. ఇంట్లో మార్వాడీ, బయట అచ్చం మన ఉత్తరాంధ్ర మాట. నన్ను కన్నకూతురిలా చూసేది. నాకు పెళ్లయ్యాక కూడా ఇంకా చిన్నపిల్లనన్నట్టు "ఏటే గుంటా" అనే పిలుపే.

దాదీ శిఖర్జీ చూసింది, పాలితానా కొండెక్కింది, శ్రవణబెళగొళ వెళ్లొచ్చింది. వాళ్ల తీర్థాల్లో చూడనిది ఒక్కటే మిగిలిపోయింది. ఆవిడ భర్త పడుచు వయసులో పసుపు, చింతపండు కొనడానికి ఏజెన్సీ సంతలన్నీ తిరిగేవాడట. పాడువా దాటాక, ఒరిస్సా వైపు, నందపురం దగ్గర ఒక కొండ మీద పాడుపడిన గుడిలో పార్శ్వనాథుడి విగ్రహం చూశాడట. "మన దేవుడు అడివిలో ఒక్కడే ఉన్నాడు, నిన్ను తీసుకెళ్తాను" అన్నాడట. తీసుకెళ్లకుండానే పోయాడు.

ఆ ఏడు దాదీకి గుండె బాగా నీరసించింది. రెండు కళ్లకూ శుక్లాలు ముదిరాయి గాని, ఆపరేషన్‌కు ఆ గుండె తట్టుకోదన్నారు. తెలుపూ నలుపూ తేడా, మనిషి ఆకారం తెలిసేవి, అంతే. వేసవి సెలవులకు నేను వెళ్లినప్పుడు నా చెయ్యి పట్టుకుని, ఆ కొండగుడికి తీసుకెళ్లమని అడిగింది. ఆషాఢ పున్నమి దాటితే వాళ్లకు చాతుర్మాసం. ఆ నాలుగు నెలలూ దాదీ ఊరు కదలదు. ఆ తర్వాత మాట తనకే తెలియదంది. కొడుకు ఒప్పుకోలేదు. నేనున్నానన్న ధైర్యంతో చివరికి ఒప్పుకున్నాడు. కాలేజీ తెరిచే ముందు నేనే ఆవిడను రైల్లో అరకు తీసుకొచ్చాను.

తెల్లవారి జీపులో బయల్దేరాం. డ్రైవరు సింహాచలం ఆ దారులన్నీ తిరిగినవాడు. అప్పటికే తొలకరి పడింది. కొండలు కడిగినట్టున్నాయి.

నందపురం ఇప్పుడు చిన్న ఊరే. ఒకప్పుడు ఆ కొండరాజ్యానికి రాజధాని. ఆ సంగతి అక్కడి రాళ్లు చెబుతాయి. ఒక ఇంటి అరుగు పక్కన, ఒక చింతచెట్టు మొదట్లో, ఒక గోడలో ఇటుకల మధ్య, తీర్థంకరుల విగ్రహాలు కనిపించాయి. దాదీకి చూపు లేదు కదా, ప్రతి రాయినీ అరచేత్తో తడిమింది. ముఖం, భుజాలు, పద్మాసనం వేసిన మోకాళ్లు. పీఠం మీద ఎద్దు బొమ్మ వేళ్లకు తగిలితే "ఆదినాథుడమ్మా" అని కళ్లకద్దుకుంది. ఎన్ని వందల ఏళ్ల ఎండావానా తిన్నాయో, ఆ ముఖాల్లో నెమ్మది చెక్కుచెదరలేదు. పెదవి చివర ఉందో లేదో తెలియనంత చిరునవ్వును అంత గట్టి రాతిలో చెక్కిన చేతులు ఎలాంటివో అనిపించింది. నేను మొక్కలేదు, కాని చాలాసేపు చూస్తూ నిలబడ్డాను.

అక్కడి నుంచి కొంత దూరం పోయాక మట్టిరోడ్డు పక్కన జీపు ఆగింది. గుడి పైన ఉంది. ఒక్క మనిషి పట్టే కాలిబాట, ఎక్కాల్సింది కొంచెమే. కొండ పైభాగమంతా మంచు కమ్మి ఉంది.

దాదీ దిగి చెప్పులు విడిచింది. బాట మొదట్లో నిలబడి అడిగింది.

"గుంటా, కింద ఏటైనా ఉన్నాయేటి? నీది పురుగుల సదువు కదా, సూసి సెప్పు."

వంగి చూశాను. తొలకరికి నేలలో ఉన్నదంతా పైకొచ్చింది. ముట్టుకుంటే చుట్టుకుపోయే రోకలిబండ పురుగులు గుంపులు గుంపులుగా, వానపాములు, చిన్న నత్తలు, ఎర్రటి మఖమల్ లాంటి ఆరుద్ర పురుగులు. నేలే కదులుతున్నట్టుంది. అడుగు తీసి అడుగేస్తే ఏదో ఒకటి చావకుండా ఉండదు.

ఏమీ లేవని చెప్పడం ఎంతసేపు? ఆవిడకు కనపడదు. నోటిదాకా వచ్చింది. కాని నన్ను నమ్మి అడిగింది.

"నిండా ఉన్నాయి దాదీ" అన్నాను.

సింహాచలం ముందుకొచ్చాడు. "అమ్మగోరూ, నాను ఈపు మీద ఎత్తుకుంటాను. బేగి ఎల్లి వచ్చేద్దుము."

"నీ కాళ్ల కింద పడితే సావవేటి నాయినా?" అంది దాదీ.

కొమ్మ విరిచి ఊడుస్తానన్నాను. కొమ్మతో ఊడిస్తే నలిగిపోతాయంది. వాళ్ల తెల్లబట్టల సన్యాసినులు నడిచే దారి ఊడ్చుకునేలాంటిదే, ఇంట్లో జపానికి కూర్చునే ముందు నేల తుడుచుకునే మెత్తటి ఊలు కుంచె ఆవిడ సంచిలో ఉంది. దాన్ని తీసి నేనే ప్రయత్నించాను. నాలుగు అడుగులు పోకముందే బురదకు తడిసి ముద్దయింది.

దాదీ కోప్పడలేదు, ఏడవలేదు. రోడ్డు పక్కన బండ మీద కూర్చుని, కొండ వైపు తిరిగి చేతులు జోడించింది. "ఇక్కడికి రాగలిగాను, సాలు" అంది. కళ్లు మూసుకుని మంత్రం చదువుకోసాగింది. ఇంత దూరం వచ్చి, ఒక పురుగు కోసం ఆగిపోయే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఏం చెయ్యాలో తోచక నేల వైపు చూస్తూ నిలబడ్డాను. అప్పుడు కనిపించింది.

రోకలిబండలు బాట మీంచి పక్కకు పోతున్నాయి. ఒకటీ అరా కాదు, అన్నీ. ఎడమవైపువి ఎడమకి, కుడివైపువి కుడికి. నత్తలు కూడా గడ్డిలోకి చేరుతున్నాయి. చూస్తుండగానే బాట మధ్యన ఒక మనిషి నడిచేంత వెడల్పున ఖాళీ అయింది. రెండు పక్కలా ఆరుద్ర పురుగులు చీర అంచులా బారు తీరాయి. వాన లేదు. గాలి లేదు. నేల అంతటా ఒకే తడి.

నేను నోరు తెరిచేలోగా దాదీ లేచింది. నన్ను ఏమీ అడగలేదు. తిన్నగా బాట మీద అడుగుపెట్టి ఎక్కడం మొదలుపెట్టింది. పడుతుందేమోనని పరుగున పోయి వెనక నుంచి ఆవిడ జబ్బ పట్టుకున్నాను. నా వెనక సింహాచలం. ఎక్కినంతసేపూ నా చూపు ఆవిడ పాదాల మీదే ఉంది. ఒక్క ప్రాణి కూడా ఆ పాదాల కింద పడలేదు.

పైన కప్పు సగం కూలిన చిన్న రాతిగుడి. లోపల నల్లరాతి పార్శ్వనాథుడు, తల మీద పాము పడగలు గొడుగు పట్టినట్టు. ముందు రాగికంకులు, పసుపు. దాదీ ఆ పాదాలు తడిమి, వాటి మీద నుదురు ఆనించి ఉండిపోయింది. లేచాక ఆవిడ ముఖం చూస్తే, ఉదయం ఆ రాతి ముఖాల్లో చూసిన నెమ్మదే కనిపించింది.

అంతలో గుడి వెనక నుంచి కట్టెలమోపుతో ఒకామె వచ్చింది. డుంబ్రిగుడ నుంచి ఆ ఊరికి కోడలిగా వచ్చిందట, తెలుగు మాట్లాడింది. వాళ్లు ఆయన్ని పాముల సన్యాసి అంటారట. మిగతా దేవతలకు కోళ్లు కోస్తారు గాని, ఈయన ముందు నెత్తురు చుక్క పడనివ్వరట. వాళ్ల తాతలనాటి నుంచీ అంతే. వాళ్లకు జైనమంటే తెలియదు. అయినా ఆయనకు ఏది ఇష్టం లేదో తెలుసు. ఆ మాట విని దాదీ ఆమె చేతులు పట్టుకుంది.

ఆమె మేం వచ్చిన బాట వైపు చూసి అడిగింది. "ఈ దారి ఎవుళు తుడిసినారు? వానల్లో మాము ఇటు రాము. ఏటిగట్టు నుంచే వస్తాము."



దిగేటప్పుడు కూడా బాట ఖాళీగానే ఉంది. దాదీని జీపులో కూర్చోబెట్టి వెనక్కి తిరిగి చూశాను. రోకలిబండలు మళ్లీ బాట నిండా పాకుతున్నాయి. కావాలనే ఒక పాదం ఎత్తి వాటి మీదికి ఆనించబోయాను. ఒక్కటీ తప్పుకోలేదు. కాలు వెనక్కి తీసుకున్నాను.

పాడువా దాటాక దాదీ నా నడుము మీద చెయ్యేసి నిమిరింది.

"నడుం పట్టేసిందేటే? అంతసేపూ ఒంగి ఊడుత్తూనే ఎక్కినావు. ఎప్పుడు మార్సినావే ఆ తెల్లసీర? బాగుంది."

నేను ఆవేళ ముదురాకుపచ్చ చీర కట్టుకున్నాను. మార్చుకోవడానికి ఇంకో చీర తేలేదు.

"నేను నీ వెనక ఉన్నాను దాదీ. నీ జబ్బ పట్టుకుంది నేనే."

"ఎనకాల నువ్వైతే, ముందర ఊడిసిందెవులు?"

దాదీ రెండు చేతులూ జోడించుకుని, అరకు వచ్చేదాకా అలాగే కూర్చుంది.

ఆ చాతుర్మాసం ముగియకముందే ఆవిడ పోయింది. బాధ పడకుండా, నిద్రపోయినట్టే పోయిందని కొడుకు చెప్పాడు.

నేను ఊరుకోలేదు. నేల అదురుకు పురుగులు పోయి ఉంటాయని ఒక లెక్చరరు అన్నాడు. ఎవరో బూడిద చల్లి ఉంటారని ఇంకొకరు. అదురు అయితే మేం నడవకముందే ఎందుకు పోయాయి? బూడిద అయితే మళ్లీ ఎలా వచ్చాయి? మరుసటేడు తొలకరికి అదే చోటికి వెళ్లి, మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ఏమీ జరగలేదు. దాదీ చూసిన తెల్లచీర కొండ మీది మంచే కావచ్చని సర్దిచెప్పుకోగలను. కాని మంచు బాటలు ఊడవదు.

సింహాచలాన్ని చాలాసార్లు అడిగాను, ముందు ఎవరైనా కనిపించారా అని. "నా సూపంతా మీ కాళ్ల మీదే ఉందమ్మా. కింద ఏటీ నేవు. ముందుకు సూడ్నేదు" అనేవాడు.

నేనూ చూడలేదు. పురుగులు ఏమయ్యాయో చూడాలన్న ధ్యాసలో, ఎక్కినంతసేపూ తల వంచుకునే ఉన్నాను. ఒక్కసారి తలెత్తి ఉంటే మంచు తప్ప ఏమీ కనిపించేది కాదేమో. కనిపించేదేమో. నాకు తెలియదు.