ముయె మాట్లాడుతుండగా

గీదం ఊరి చివర, ఒకప్పుడు చింతపండు నిలవచేసిన గోదాములో, ఒక ట్రస్టు నడిపే చిన్న టెలివిజన్ స్టూడియో ఉంది. వానాకాలంలో దాని గోడలు చెమర్చి ఇప్పటికీ పుల్లటి వాసన వేస్తాయి. మరైగూడలో పుట్టి, సుక్మా హాస్టల్లో చదివి, దోర్లీ, గోండీ, తెలుగు, హిందీ తడుముకోకుండా మాట్లాడే సోడి ఊర్మిల అక్కడికి వార్తలు చదివే ఉద్యోగానికి వచ్చింది. గొంతు సన్నమన్నారు. చేతికి కెమెరా ఇచ్చారు. కొన్నేళ్లు కెమెరా వెనుక నిలబడ్డాక, అక్కడి డైరెక్టరు చక్రధరరావు ఒకనాడు ఆమెను కంట్రోల్ రూములోకి పిలిచి తన పక్కనున్న కుర్చీ చూపించాడు. అందులో దయాదాక్షిణ్యాలేమీ లేవు. ఆయనకు వయసు మీద పడింది, ఆ పని నేర్చుకోగల మనిషి మరొకరు అక్కడ లేరు.

చక్రధరరావు తండ్రి శ్రీకాకుళం నుంచి కిరందుల్ గనిలో పనికి వచ్చినవాడు. కొడుకు ఆ టౌన్‌షిప్‌లోనే పెరిగి, హైదరాబాదు ఛానెళ్లలో డైరెక్టరుగా పనిచేసి, రిటైరై తిరిగివచ్చాడు. మాట కటువు. అయితే తప్పును తప్పనేవాడే గాని, మనిషిని తక్కువ చేసేవాడు కాదు.

కంట్రోల్ రూములో మూడు చిన్న తెరలు, వాటి పైన ఒక పెద్ద తెర ఉంటాయి. చిన్నవాటిలో మూడు కెమెరాలూ చూస్తున్న బొమ్మలు కనబడతాయి. బల్ల మీద మూడు మీటలు. ఏ మీట నొక్కితే ఆ కెమెరా బొమ్మ పెద్ద తెర మీదికి ఎక్కుతుంది, అదే బయటి లోకానికి పోతుంది. హెడ్‌ఫోన్లో కెమెరా మనిషిని ముందుగా సిద్ధం చేసి, ఆ తర్వాత మీట నొక్కాలి. పని చెప్పడానికి ఇంతే. చేయడానికి వచ్చేసరికి, ఎవరు నోరు విప్పబోతున్నారో, ఎవరు తల తిప్పబోతున్నారో వాళ్లకంటే ముందే కనిపెట్టాలి.

"జరుగుతున్నది చూసేవోడు ప్రేక్షకుడమ్మా" అనేవాడు రావు. "జరగబోయేది చూడకపోతే నువ్వు డైరెక్టరువేటి?"

ఇది నేర్పడానికి ఆయన ఆమెను సంతలో కోడిపందెం దగ్గరికి తీసుకుపోయాడు. ఏ పుంజు ముందు లేస్తుందో, అది లేవకముందే చెప్పమన్నాడు. మొదట అన్నీ తప్పే చెప్పింది. తర్వాత, పుంజు ఎగిరే ముందు మెడ కాదు, తోక కదులుతుందని గమనించి, దాదాపు ప్రతిసారీ సరిగా చెప్పసాగింది. పందెగాళ్లు ఆమె వెనుక చేరి, "దీదీ, అబ్‌కీ బార్ కౌన్?" అని ఈసారి గెలిచే పుంజేదో అడగడం మొదలుపెట్టాక రావు నవ్వి, ఆమెను అక్కడినుంచి లేవదీశాడు.

పాటలు, ఆటలు, పిల్లల కార్యక్రమాలు ఆమె చక్కగా చేసింది. ఒక్కచోట మాత్రం చెయ్యి ఆగిపోయేది. ఒకసారి ఒక ముసలి పటేల్ అడవి హద్దుల గురించి మాట్లాడుతుంటే, ఊర్మిల ఆయన ముఖం మీదనే కెమెరా నిలిపివేసింది. వింటున్నవాళ్లను చూపలేదు, ప్రశ్నలడిగే ఆమెను చూపలేదు. పటేల్ మాట ముగిసి, తలపాగా సవరించుకున్నాకే మీట మారింది.

"ఏటమ్మా అది? నిద్దరోయావా?" అన్నాడు రావు.

"పెద్దమనిషి మాట్లాడుతుండు గద సార్. నడుమల మొకం ఎట్ల తిప్పుకుంట? మా కాడ అది తిట్టినట్టే లెక్క."

"నువ్వు మొహం తిప్పుకోవటం లేదు తల్లీ. కెమెరా మారుస్తున్నావు."

"చూసేటోళ్లకు కండ్లు నేనే అని మీరే చెప్తిరి."

అది రికార్డు చేసిన కార్యక్రమం. తర్వాత ఎడిటింగులో వినేవాళ్ల ముఖాలు మధ్యమధ్య అతికించి సరిచేశారు. ఆ తర్వాత మరికొన్నిసార్లూ అలాగే సరిచేశారు. న్యాయంగా చెప్పాలంటే ఇక్కడ ఇద్దరిదీ పొరపాటే. దిద్దడానికి వీలున్నంతకాలం, దాన్ని తప్పని ఇద్దరూ గట్టిగా అనుకోలేదు.

నెలకొకసారి ఒక ఉపగ్రహ ఛానెల్ ఆ స్టూడియోకు సాయంత్రం పూట అరగంట వదిలేది. అది ప్రత్యక్ష ప్రసారం. దోర్లీ, గోండీ, తెలుగు కలిసిన ఆ కార్యక్రమాన్ని వలస కూలీలు ఎక్కడున్నా ఫోన్లలో పెట్టుకుని చూసేవారు. మిరప ఏరడానికి తెలంగాణకు పోయిన ముఠాలు పని దిగాక గుడిసెల ముందు కూర్చుని చూస్తాయని అందరికీ తెలుసు. ఆ ప్రత్యక్ష ప్రసారాన్ని మొదటిసారిగా ఊర్మిల చేతికి అప్పగించిన నెలలోనే ముయె వచ్చింది.

ముయె మరైగూడ మనిషి, ఊర్మిలకు వరసకు అవ్వ. ఆమె కొడుకు మడకం సుక్కా ముఠాతోపాటు భద్రాచలం అవతలికి పోయాడు. ముఠా తిరిగివచ్చింది, సుక్కా రాలేదు. మేస్త్రితో మాటామాటా వచ్చి మరో ముఠాలో కలిశాడని ఒకరన్నారు. జ్వరం వచ్చి దారిలో దిగిపోయాడని ఇంకొకరన్నారు. ఇక్కడి పోలీసులను అడిగితే, తప్పిపోయింది తెలంగాణలో గనుక అక్కడ చెప్పుకోమన్నారు. అక్కడ ఎవరికి చెప్పుకోవాలో ఆమెకు తెలియదు. ఏరుడు చివరికి వచ్చింది. మరి కొద్దిరోజుల్లో మిగిలిన ముఠాలు కూడా చెదిరిపోతాయి. వచ్చే నెల ప్రసారం నాటికి చేలల్లో చూసేవాళ్లు ఉండరు. సుక్కా ముఖం వాళ్లకు చూపించాలంటే ఇదొక్కటే సాయంత్రం.

ఏర్పాటు తేలికైనదే. సుక్కా ఫోటోను పెద్దది చేయించి, కింద పేరు, ఊరు, ఫోన్ నంబరు రాయించి స్టాండుకు తగిలించారు. మూడో కెమెరా మంగల్‌ది. ముయె మాట్లాడుతుండగా అతను కెమెరాను ఫోటో వైపు తిప్పి ఉంచాలి. ఊర్మిల మూడో మీట నొక్కాలి. ముయె పేరు చెప్పినా చెప్పకపోయినా ఆ ఫోటో చాలు.

కార్యక్రమానికి ముందు రావు ముయెతో, "చూడమ్మా, ముందు కుర్రోడి పేరు చెప్పేయ్. తర్వాత నీ ఇష్టం" అన్నాడు.

"అట్లనే బాబూ" అని ముయె తల ఊపింది.

ఆ తల ఊపడం మర్యాద కోసమేనని, ఒప్పుకోలు కాదని ఊర్మిలకు తెలుసు. నలుగురి ముందు నోరు విప్పే పెద్దామె మొదట ఎదుటివారి క్షేమం అడుగుతుంది. తర్వాత తాను ఎవరి బిడ్డో, ఎవరి ఇంటికి కోడలిగా వచ్చిందో చెబుతుంది. కష్టం చివరన వస్తుంది. ఇవేవీ చెప్పకుండా కష్టం చెప్పుకునేవాళ్లను ఊరు అనుమానంగా చూస్తుంది. ఊర్మిల ఈ సంగతి రావుకు చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. ఆయనేమో ఏడుపుతో ముగిస్తే జనం గుర్తుంచుకుంటారని ముయెను కార్యక్రమం చివర పెట్టాడు. అదీ ఒక లెక్క తప్పడమే.

మొదటి భాగం ఏ లోటూ లేకుండా సాగింది. ఇప్పపువ్వు ధరల మీద మాట్లాడినవాళ్లు ఒకరినొకరు అడ్డుకుంటుంటే ఊర్మిల చేతులు నీళ్లలా కదిలాయి. వెనుక కుర్చీలో రావు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు తాను బల్ల ముట్టుకోనని ఆయన ముందే మాట ఇచ్చాడు.

తర్వాత ముయె వచ్చి కూర్చుంది. ప్రశ్నలడిగే దేవిశ్రీ బచేలీ టౌన్‌షిప్ పిల్ల. ఆమె నమస్కారం పెట్టగానే ముయె అందుకుంది.

"మంచిగున్నవా బిడ్డా? మీ అవ్వ మంచిగున్నదా?"

దేవిశ్రీ ఉలికిపడి, "ఆ, బాగుందండి" అంది.

"అయ్య?"

"బాగున్నారండి. మీ అబ్బాయి గురించి చెప్పండి."

"చెప్త బిడ్డా. మాది మరైగూడ. అది నేను మనువుకు వచ్చిన ఊరు. నా తల్లిగారిది వాగవతల. మా అయ్య సన్న. సన్న అంటే తెలవనోళ్లు లేరు ఆ దిక్కు. మా అయ్యకు తమ్ముళ్లున్నరు. పెద్దాయన సీతయ్య, ఆయన ఇల్లు..."

హెడ్‌ఫోన్లో మంగల్ గొంతు వినిపించింది. "దీదీ, ఫోటో మీదున్న. తీస్కో."

మూడో తెరలో సుక్కా ఉన్నాడు. నూనె రాసి దువ్విన జుట్టు, నవ్వాలో వద్దో తెలియని మూతి. కింద అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. ఊర్మిల వేలు మీట మీదకు పోయింది. పెద్ద తెరలో ముయె కళ్లు తిన్నగా తననే చూస్తున్నట్టున్నాయి. ఈ ఒక్క మాట అయిపోనీ అనుకుంది. సీతయ్య ఇల్లు అయిపోగానే నొక్కుదామనుకుంది. సీతయ్య తర్వాత ఆయన బిడ్డ మాసే వచ్చింది. మాసేను ఇచ్చిన ఊరు వచ్చింది.

"ఊర్మిలా" అన్నాడు రావు వెనుకనుంచి. "ఇప్పుడు."

"ఒక్క మాట సార్. అయిపోయింది."

"అవలేదమ్మా. కొట్టు."

ఆయన చెయ్యి ఆమె భుజం మీదుగా ముందుకు వచ్చి గాలిలోనే ఆగింది. ఒకే బల్ల మీద ఇద్దరి చేతులు ఉండకూడదన్నది ఆయన జీవితమంతా పాటించిన నియమం. పైగా మాట ఇచ్చి ఉన్నాడు. ఆ చెయ్యి వెనక్కిపోయింది. దేవిశ్రీ చెవిలోకి మాట పంపే మీట ఇంకొకటి ఉంది, అది నొక్కి ఒక్క మాట చెబితే ఆమె ముయెను ఆపేది. ఊర్మిల ఆ మీట కూడా నొక్కలేకపోయింది. బుద్ధి పనిచేస్తూనే ఉంది. ఏం చేయాలో వరుసగా చెబుతూనే ఉంది. వేలు మాత్రం ఆ బుద్ధిది కానట్టు, దూరాన మరైగూడలో ఎవరి వాకిట్లోనో ఉన్నట్టు ఉండిపోయింది.

గది మూలన, ఛానెల్లో నిజంగా ఏం వస్తున్నదో చూపే చిన్న టీవీ ఒకటి ఉంది. అందులో ముయె ముఖం పోయి, గోడలకు వేసే రంగుల ప్రకటన వచ్చింది. అరగంట ముగిసింది. రాయపూర్‌లోని ఆ ఉపగ్రహ ఛానెల్ తన లైను తాను తీసేసుకుంది. ఈ సంగతి స్టూడియోలో ఎవరికీ తెలియదు. లోపల దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, ముయె చెబుతూనే ఉంది.

"... ఆ ఇంట్ల నాకు ఒక్కడే కొడుకు. సుక్కా. మిర్చి ఏరను పోయిండు, మల్ల రాలే."

ఊర్మిల మూడో మీట నొక్కింది. సుక్కా ముఖం పెద్ద తెర నిండా వచ్చింది. తల్లి గొంతు దాని మీద నడిచింది. అంత చక్కని మార్పు ఆ స్టూడియోలో అంతకుముందు జరగలేదని రావు తర్వాత చెప్పాడు. అది ఆ గది దాటి ఎక్కడికీ పోలేదు.

ఆమె హెడ్‌ఫోన్ తీసి స్టూడియోలోకి వెళ్లింది.

"అయిపాయెనా బిడ్డా?" అంది ముయె. "అందరు చూసిండ్రా?"

"లేదవ్వా."

"ఎందుకు?"

"టైం అయిపోయింది. నువ్వు పేరు చెప్పకముందే మనల్ని తీసేసిండ్రు. ఫోటో నేను ముందుగాలనే ఎయ్యాలె. ఎయ్యలేదు."

ముయె ఫోటో వైపు, కెమెరా మీద ఆరిపోయిన ఎర్రదీపం వైపు చూసింది. "మరి నన్ను ఆపకపోతివి?"

"నువ్వు మాట్లాడుతుంటివి గద."

"అవు" అంది ముయె, ఒప్పుకుంటున్నట్టుగా. "నడుమల ఎట్ల ఆపుతవు."

తిట్టి ఉంటే ఊర్మిల భరించేది. ఆ ఒప్పుకోలును భరించలేకపోయింది.

"సరే, మల్ల చెప్త" అని ముయె కుర్చీలో సర్దుకుంది. "ఈసారి పేరే ముందుగాల చెప్త. లైటెయ్యమను."

తీసేసిన లైను ఇక ఈ నెలకు తిరిగి రాదని ఆమెకు ఎలా చెప్పాలో ఎవరికీ తోచలేదు. చివరకు రావు, "రికార్డు చేద్దామమ్మా" అన్నాడు. ముయె మడకం సుక్కా అంది, మరైగూడ అంది, ఆగింది. ఇంకేమైనా చెప్పాలా అన్నట్టు చూసింది. ఆ రికార్డును మరునాడు ఇంటర్నెట్లో పెట్టారు. చూసినవాళ్లలో ఎక్కువమంది స్టూడియో సిబ్బంది, మరైగూడ చుట్టాలు. చేలల్లో ఏరుడు ముగిసింది. ముఠాలు దేని దారిన అది పోయాయి.

ఆ సాయంత్రం ఫోటో వెళ్లి ఉంటే సుక్కా దొరికేవాడని ఎవరూ చెప్పలేరు. దొరికేవాడు కాదనీ చెప్పలేరు. ఊర్మిలను వదలనిది ఆ రెండో మాట. ఆమె తనను తిరిగి కెమెరాకు పంపమని అడిగింది. "పంపిస్తే ఈ కుర్చీలో ఎవరు కూర్చుంటారు? నేనే గదా" అన్నాడు రావు. "నా చెయ్యీ ఆగిపోయిందమ్మా ఆ రోజు." ట్రస్టు ఆమె ఉద్యోగాన్ని ఖాయం చేసింది. కాదనడానికి ఆమె దగ్గర కారణం ఉంది గాని, ఆమె స్థానంలో పెట్టడానికి వాళ్ల దగ్గర మరొకరు లేరు.

ఇప్పుడు ఆమె పెద్దలు మాట్లాడుతుండగానే మీట మారుస్తుంది. వేలు ఆగదు. మొన్నటి ప్రసారం అయ్యాక ముయె పక్కింటివాళ్ల ఫోన్లో మాట్లాడింది.

"చూసిన బిడ్డా. ఆ ముసలాయన చెప్తనే ఉండె, నువ్వు ఇంకోళ్ల దిక్కు పోతివి. ఆయనేమనుకోలేదా?"

"ఏమో అవ్వా."

"సుక్కా సంగతి ఏమన్న తెలిసిందా?"

"తెలవలేదు."

"సరే" అంది ముయె. ఫోన్ పెట్టేయలేదు. ఊర్మిల కూడా పెట్టేయలేదు.