మామకు ఎక్కించిన టెక్నీషియం

ఆ రోజుల్లో నేను చేస్తున్న ఉద్యోగమేమిటో ఇంట్లోవాళ్లకు చెప్పడం కంటే ఆ ఉద్యోగం చేయడమే సులువుగా ఉండేది. ఎల్బీ నగర్‌లో ఒక స్కానింగ్ సెంటర్ సెల్లార్‌లో కొత్తగా చేరిన టెక్నీషియన్ని. రోగులకు ఎక్కించే మందు పేరు టెక్నీషియం. ఈ రెండు మాటలూ ఒకేసారి వినేసరికి మా అమ్మ, "టెక్నీషియన్ టెక్నీషియన్‌ను ఎక్కించుడేందిరా?" అనేది. అది భూమిలో తవ్వితే దొరికేది కాదమ్మా, మనిషే తయారుచేసుకున్న మూలకం, మాకు వారానికోసారి సీసం డబ్బాలో జనరేటర్ వస్తుంది, అందులోంచి రోజూ పొద్దున్నే కొంచెం పిండుకుంటాం అని ఓపికగా విడమరిచి చెప్పాను. దాని ఫలితం ఏమిటంటే, దిల్‌సుఖ్‌నగర్‌లో మేం కిరాయికుండే బిల్డింగ్‌లో కరెంటు పోయినప్పుడల్లా ఓనర్ నన్ను పిలిచి డీజిల్ జనరేటర్ చూడమనేవాడు. (రెండుసార్లు చూశాను కూడా. ఒకసారి అది నడిచింది. అదే నా కొంప ముంచింది.)

అలాంటి సమయంలో మా పెద్దమామకు బోన్ స్కాన్ రాశారు. పెద్దమామ అంటే మా అమ్మకు అన్న. నల్గొండ దగ్గరి పల్లె నుంచి బయల్దేరి దేశమంతా లారీ తోలి, చివరికి స్టీరింగ్ వదిలి ఊళ్లో కుదురుకున్న మనిషి. అంతకు ముందు ఏడాది ప్రొస్టేట్ గ్రంథికి క్యాన్సర్ అని ఆపరేషన్ అయింది. ఆ సంగతి అత్తకూ, అమ్మకూ, నాకూ తప్ప ఎవరికీ తెలియదు. తెలియకూడదని మామ ఆజ్ఞ. ఇప్పుడు కుడి తొడలో నొప్పి మొదలైంది. జబ్బు ఎముకకు పాకిందేమో చూడాలన్నాడు డాక్టరు. మామ ఆ మాట విని బీడీ అంటించుకున్నాడట; అత్త మాత్రం ఆ పూట అన్నం వండలేదట.

మా సెంటర్‌కే తీసుకొచ్చాను. నాకు పని నేర్పే సీనియర్ మేడమ్ పక్కన నిలబడి చూస్తుండగా నేనే సూది వేశాను. తర్వాత మామను కూర్చోబెట్టి, చదువుకున్నదంతా ఏకరువు పెట్టాను. మందు ఎముకలకు పట్టడానికి మూడు గంటలు పడుతుంది, అందాకా నీళ్లు బాగా తాగాలి, మిగిలిన మందు మూత్రంలో పోతుంది. ఒంట్లోంచి కంటికి కనపడని కిరణాలు వస్తుంటాయి, మా కెమెరా వాటిని పట్టుకుని బొమ్మ గీస్తుంది. ఆరు గంటలకోసారి దాని బలం సగానికి పడిపోతుంది. ఇవాళ్టికి చంటిపిల్లలకూ, కడుపుతో ఉన్నవాళ్లకూ దూరంగా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, ఈ గది దాటకూడదు.

"అంటే ఇగ నేను లైట్లేసిన లారీ లెక్కనా?" అన్నాడు మామ.

"అంతే మామ. కాకపోతే ఆ లైటు మా కెమెరాకే కనపడతది."

"మరి బ్యాటరీ ఎప్పుడు దిగుతది?"

"రేపటికల్లా చానా మట్టుకు దిగుతది."

"మంచిది" అన్నాడు. మంచిది అన్న మనిషి మన మాట వింటాడని నమ్మే వయసు నాది.

ఇంకో రోగిని చూసి వచ్చేసరికి కుర్చీ ఖాళీ. నీళ్ల సీసా కూడా లేదు. మామ ఫోన్ మోగుతోంది కానీ ఎత్తడం లేదు. ఆటో ఎక్కి పోయాడని వాచ్‌మన్ చెప్పాడు. అమ్మకు ఫోన్ చేశాను.

"ఇయ్యాల చిన్నమ్మ మనుమరాలి తొట్టెల కదరా, చంపాపేట్‌ల. మూడు గంటలు ఖాళీగ ఏం కూసుంటనని ఆడికి పోయిండు" అంది అమ్మ, ఇందులో వింతేముందన్నట్టు. "నువ్వే పొమ్మన్నవనుకున్న."

తొట్టెల అంటే చంటిపిల్లను మొదటిసారి ఊయలలో వేసే వేడుక. అంటే ఏ రెండు రకాల మనుషులకు దూరంగా ఉండమన్నానో, వాళ్లంతా ఒకేచోట చేరిన ఇంటికి మామ సరాసరి వెళ్లి కూర్చున్నాడు. మేడమ్‌కు చెబితే ఆవిడ తలెత్తకుండానే, "నువ్వెళ్లి తీసుకొచ్చెయ్. కాసేపు ఎత్తుకున్నంత మాత్రాన పాపకేమీ అయిపోదు, జాగ్రత్త కోసం చెబుతాం. అక్కడ కంగారుపడి గొడవ చేయకు" అన్నారు. (ఆవిడది గుంటూరు వైపు, ఎంత చిరాకులోనైనా మాట నిదానంగా వస్తుంది.) తీసుకొచ్చెయ్ అన్నదాకానే నాకు వినపడింది. మిగతాది బైకు మీద పోతున్నప్పుడు గుర్తొచ్చింది, అప్పటికే కంగారు పడిపోయి ఉన్నాను.

నేను చిన్నమ్మ ఇంటి ముందు టెంటులోకి జొరబడేసరికి మామ కుర్చీలో రెండు చేతులూ చాపి ఉన్నాడు. చిన్నమ్మ పిల్లను ఆయన ఒళ్లో పెట్టబోతోంది.

"మామకు ఇయ్యొద్దు" అని అరిచాను. సరిగ్గా అప్పుడే డీజే వాడు పాట మార్చడానికి ఆపాడు.

అందరూ నా వైపు తిరిగారు. "ఎందుకియ్యొద్దురా?" అంది చిన్నమ్మ. "ఇంటికి పెద్దోడు. ఆయన ఎయ్యక ఇంకెవలేస్తరు?"

క్యాన్సర్ అనకూడదు. స్కాన్ అన్నా ఎందుకని అడుగుతారు. "అంటే... మామకు పొద్దున ఎక్కించినం చిన్నమ్మా. ఇంకా దిగలే" అన్నాను.

టెంటు కింద గుసగుసలు మొదలయ్యాయి. చిన్నమ్మ భర్త, మా బాబాయి, గొంతు తగ్గించి అడిగాడు. "పొద్దుగాలనేనా? ఎంత ఎక్కించినవు?"

"ఇరవై మిల్లీ" అన్నాను అలవాటు కొద్దీ. మేం మందును మిల్లీక్యూరీల్లో కొలుస్తాం. బాబాయికి తెలిసిన మిల్లీ వేరు.

"ఇరవైకే గిట్లయితడా?" అన్నాడాయన నిజంగా ఆశ్చర్యపోయి.

నేను ఏదో సర్దబోయాను. లారీ తోలినన్నాళ్లూ చుక్క ముట్టలేదని ఊరంతా చెప్పుకునే మనిషి మా మామ. ఆయన నా ముఖం చూశాడు, పిల్లను చూశాడు. చాపిన చేతులు నెమ్మదిగా వెనక్కి తీసుకున్నాడు.

"అవునే చెల్లె, జరంత తీసుకున్న" అన్నాడు. "నువ్వే ఎయ్యి. నేను ఈడికెళ్లి చూస్త."

చిన్నమ్మ మూతి బిగించి పిల్లను తొట్టెలలో వేసింది. మామ దూరం నుంచే చూసి, లేచి నా వెంట వచ్చాడు.

దారిలో కోపమంతా వెళ్లగక్కుదామనుకున్నాను గానీ, ముందు స్కాన్ కానీ అని బైకు తోలాను. కర్మన్‌ఘాట్ గుడి దగ్గర మామ బైకు మీదినుంచే హనుమంతుడికి దండం పెట్టుకున్నాడు. కొంచెం దూరం పోయాక భుజం తట్టి, "ఆపురా, నువ్వు తాగమన్న నీళ్లే" అన్నాడు. ఒక ఖాళీ స్థలం గోడ పక్కన ఆపాను. జాగ్రత్త మామా అంటే, "గంత తెల్వదా?" అని విసుక్కున్నాడు.

కెమెరా కింద పడుకోబెట్టాను. తెర మీద చుక్కచుక్కగా ఎముకలు పోగవుతున్నాయి. పుర్రె, పక్కటెముకలు, వెన్ను. కుడి తొడ దగ్గరికి వచ్చేసరికి మెరిసిపోతూ ఒక మచ్చ. జబ్బు పాకిన ఎముక ఇలాగే మెరుస్తుంది. మామ పైకప్పు చూస్తూ, "ఒచ్చినయారా బొక్కలు?" అని అడుగుతున్నాడు. నేను మేడమ్ దగ్గరికి పరుగెత్తాను.

ఆవిడ తెర చూసి, "దారిలో ఎక్కడైనా ఆగారా?" అన్నారు.

"ఒక గోడ దగ్గర..."

"పంచె మార్పించి, తొడ శుభ్రంగా కడిగించి మళ్లీ తియ్యి."

మూత్రంలో పోయే మందు ఒక్క బొట్టు బట్ట మీద పడినా కెమెరాకు అది ఎముకలో ఉన్నట్టే కనపడుతుంది. పరీక్షలో ఈ ప్రశ్నకు నేను పేజీన్నర రాశాను. నా ట్రాక్ ప్యాంటు తొడుక్కుని మామ మళ్లీ పడుకున్నాడు, పొట్టి అయిందని సణుగుతూ. ఈసారి తొడ ఎముక మామూలుగా, మిగతా ఎముకల్లాగే మసగ్గా వచ్చింది. మోకాళ్ల దగ్గర, తుంటి దగ్గర మాత్రం కాస్త వెలుగు. ఎన్నో ఏళ్లు క్లచ్ తొక్కిన కీళ్లు. సాయంత్రం డాక్టరుగారూ అదే చెప్పారు, అరుగుదల తప్ప ఇంకేమీ లేదని.

అప్పుడు తిట్టాను మామను. గది దాటొద్దన్నానా లేదా, ఫోన్ ఎందుకెత్తలేదు, అంటూ కళ్లు తుడుచుకుంటూ తిట్టాను. మామ నవ్వి, "తిట్టు అల్లుడా. ఇయ్యాల ఎంత తిట్టినా సల్లగనే ఉన్నది" అన్నాడు. చిన్నమ్మ ఇంట్లో తాగుబోతు అన్న పేరు ఆయనకు అలాగే ఉండిపోయింది. ఎన్నిసార్లు చెప్పబోయినా నన్ను ఆపేశాడు.

వెళ్లేముందు ఆ స్కాన్ ఫిల్మ్ అడిగి తీసుకున్నాడు. ఊళ్లో ఇంటి కిటికీకి అతికించాడు. పొద్దుటి ఎండకు మామ ఎముకలన్నీ గదిలోకి తొంగి చూస్తాయి. (ఇంటికొచ్చిన పిల్లలు దడుచుకుంటున్నారని అత్త ఎన్నిసార్లు మొత్తుకున్నా తియ్యలేదు.) ఇప్పుడు నేనే కొత్తవాళ్లకు పని నేర్పుతున్నాను. మొన్న ఊరికి పోయినప్పుడు ఆ బొమ్మ ముందు నిలబడి తీరిగ్గా చూస్తే, ఎడమ భుజం అంచు కోసుకుపోయి ఉంది, తల ఒక పక్కకు వాలి ఉంది. నా దగ్గర నేర్చుకునేవాడెవడైనా అలా తీస్తే మళ్లీ తియ్యమంటాను. మామ సరిగ్గా పడుకున్నాడో లేదో కూడా చూసుకోని ఆనాటి కంగారు కుర్రాణ్ని తలుచుకుని నవ్వుకున్నాను. వెనక నుంచి మామ కర్ర చప్పుడు చేసుకుంటూ వచ్చి, "మంచిగ తీసినవ్‌రా" అన్నాడు.