అత్తమూతి చేప

ఆరో తరగతిలో నేను బడి మానేసిన రోజు అందరికన్నా ఎక్కువ సంతోషపడింది మా లెక్కల అయివారు. అట్లాంటి నా మాట పెద్ద చదువుల వాళ్లు చదివే ఇంగ్లీషు పత్రికలో అచ్చయింది. అదీ నేనాడిన పచ్చి అబద్ధం.

పులికాట్ చేపల మీద పరిశోధన చేసే ఒకమ్మాయి మా పడవల రేవుకొచ్చేది. వలలో పడిన ప్రతిదాన్నీ చూపించి, మీరు దీన్నేమంటారన్నా అని అడిగి రాసుకునేది. రొయ్యలతో పాటు ఒక పొట్టి చేప వస్తుంది, మూతి ముందుకు పెట్టుకుని. ఎవరూ తినరు, ఏరి పారేస్తాం. అందుకే దానికి పేరు కూడా లేదు. అంతవరకూ టకటకా పేర్లు చెప్పిన మొనగాణ్ణి, దీనికి లేదని చెప్పడానికి నామోషీ అయింది. పొద్దున్నే మా అత్తతో మాటామాటా అయివుంది.

"అత్తమూతి" అన్నా. రాసుకుంది.

ఏడాది తర్వాత ఆ వ్యాసం తెచ్చి సంబరంగా చదివి వినిపించింది. అంత ఇంగ్లీషు మధ్యలో అత్తమూతి వినపడేసరికి, నవ్వు ఆపుకోలేక దగ్గు నటించినా. అప్పుడు చెప్పింది, తన డాక్టరేటుకు ఈ వ్యాసమే ఆధారమని, వచ్చే నెలలో పెద్దవాళ్లు కూర్చుని ప్రశ్నలడుగుతారని. ఈసారి దగ్గు నిజంగానే వచ్చింది.

రెండురోజులు నానా అవస్థ పడి, ఫోన్ చేసి చెప్పేసినా. తిడుతుందనుకున్నా. "మిగతా పేర్లయినా నిజమేనా, అన్నా?" అని అడిగింది. నిజమేనని మా అమ్మ మీద ఒట్టేసినా, వారంపాటు చుట్టుపక్కల రేవులన్నీ తిరిగి ఒక్కొక్కటీ మళ్లీ అడిగి చూసుకుంది. ఒక్క మాటే కదా, ఎవరికి తెలుస్తుంది, వదిలెయ్యమని వాళ్ల సారు చెప్పినాడంట. ఆమె వదల్లేదు. తానే పత్రికకు రాసింది. పరీక్ష ఆరునెలలు వెనక్కిపోయింది. డాక్టరేటు వచ్చిందిలే, ఆలస్యంగా.

సవరణ అచ్చయినాక అదీ తెచ్చి తెలుగులో చెప్పింది. ఈ చేపకు ఇక్కడ పేరు లేదు, ఒక్కరినే అడిగి, సరిచూసుకోకుండా రాయడం నా పొరపాటు అని ఉంది. ఎవరో తప్పు చెప్పినారన్న ముక్క ఎక్కడా లేదు. నా వేళాకోళాన్ని తన నెత్తిన వేసుకుంది ఆ తల్లి. ఇప్పుడెవరైనా ఏమడిగినా, తెలియకపోతే తెలియదనే చెప్తున్నా. ఆ మాట నోట్లోంచి రావడం ఇంత తేలికని ఆమె వల్లే తెలిసింది.

ఇంటికొచ్చి మా ఆవిడకు ఇదంతా చెప్పి, ఎంత గొప్ప మనసో చూడు అన్నా. ఆమె చేపలు కడుగుతా, తలెత్తకుండానే అనింది:

"ఆ పిల్ల మొహం తెలియని వాళ్లందరి ముందరా ఒప్పుకునింది. మా అమ్మ దగ్గర నువ్వెప్పుడు ఒప్పుకుంటావయ్యా?"