ఫైలు తలుపు తట్టే బాబాయ్

మా బాబాయ్‌కి ఒక్కటే జబ్బు. కంప్యూటర్‌లో ఏ రోగి ఫైలు తెరవాలన్నా ముందు తెర మీద రెండుసార్లు తట్టి, "లోపలికి రావచ్చాండీ?" అని అడుగుతాడు. అడిగి ఊరుకోడు, జవాబు కోసం ఆగుతాడు కూడా. సొంత బాబాయ్ కాదు లెండి. ఆసుపత్రి రికార్డుల గదిలో మా ఎనిమిదిమందికీ పెద్దవాడు. డాక్టర్లు రాసిన చీటీలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం మా పని.

"రమ్మన్నారా బాబాయ్?" అని ఎవరో ఒకరు కదిపేవారు.

"చొక్కా వేసుకుంటున్నారట, ఆగమన్నారు," అనేవాడు తాపీగా.

గది గదంతా పని ఆపేసి ఆయన మొహం చూస్తూ పడీపడీ నవ్వేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

నా సంగతి వేరు. చదివిన రోగమల్లా నాకే వచ్చినట్టుండేది. పొద్దున గుండెజబ్బు ఫైలు ఎక్కిస్తే మధ్యాహ్నానికి ఎడమచెయ్యి లాగేది. పసిపిల్లల ఫైళ్ళు చూసిన రోజు అన్నం సహించేది కాదు. ఆఖరికి ఎవరికీ చెప్పకుండా మా ఆసుపత్రిలోనే మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్ళాను. ఆ చీటీ తిరిగి మా గదికే వస్తుందన్న ఇంగితం నాకు లేకపోయింది.

మర్నాడు బాబాయ్ ముందున్న చీటీల కట్టలో అన్నిటికంటే పైన నా పేరే. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మా బల్లలు ఇరుకు, ఒకరి తెర ఇంకొకరికి కనబడుతుంది. ఈ గదిలో పొక్కితే పిచ్చిదన్న పేరు ఖాయం.

బాబాయ్ చీటీ చూశాడు. లేచి నిలబడి తెరకు నమస్కారం పెట్టాడు. తట్టి, చెవి ఆనించి, "వినబడలేదండీ, కాస్త గట్టిగా చెప్పండి," అన్నాడు. "కాళ్ళు కడుక్కుని రమ్మంటున్నారు," అంటూ చెప్పులు విప్పి బల్ల కిందికి తోశాడు. అందరూ కడుపు పట్టుకుని నవ్వుతూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన వేళ్ళు మాత్రం చకచకా నడుస్తున్నాయి. నిమిషంలో ఫైలు మూసేశాడు. తెర వంక చూసినదాన్ని నేనొక్కదాన్నే.

ఇన్నేళ్ళూ ఆయన్ని చూసి నవ్వడంలోనో విసుక్కోవడంలోనో పడి మేమెవ్వరం ఆయన తెర మీద ఎవరి రోగమూ చదవలేదు. అది అర్థమయ్యేసరికి, ఎంత మనిషి పక్కన కూర్చుని ఎంత విసుక్కున్నానో కదా అనిపించింది.

సాయంత్రం మెట్ల దగ్గర పట్టుకున్నాను. "బాబాయ్, నా చీటీ చదివారా?"

"చదవకుండా ఎలా ఎక్కిస్తానమ్మా?"

బాబాయ్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఈ ఫైళ్ళన్నీ మోసేది నువ్వొక్కదానివే అనుకున్నావా? నీ సంగతి నాకు తెలిసిపోయింది, నాది నీకు తెలియకపోతే అన్యాయం. ఆ డాక్టరమ్మ దగ్గర మంగళవారం జనం తక్కువ. పదకొండేళ్ళుగా నేను మంగళవారమే వెళ్తున్నా. నువ్వూ వచ్చెయ్, పిలిచేదాకా కబుర్లు చెప్పుకుందాం."