లింగయ్య కాక మూడో మచ్చ

దయ్యాలను నేను నమ్మను. నమ్మకపోవడానికి నాకు గట్టి కారణమే ఉంది. చనిపోయిన తండ్రిని కూతురి పెళ్లి ఫోటోలో పక్కన నిలబెట్టేది నేనే. మనవడు పుట్టకముందే పోయిన తాత ఒళ్లో ఆ మనవడిని కూర్చోబెట్టేదీ నేనే. గోదావరిఖనిలో ఇరవై రెండేళ్లుగా ఫోటో స్టూడియో నడుపుతున్నాను. కంప్యూటర్ ముందు అంతకాలం కూర్చున్నవాడికి వింతలు కనబడవు, చేతిపని కనబడుతుంది.

ఇక్కడ నా చేతిపనిలో సగం మచ్చలు తుడవడమే. బాయిలో, అంటే బొగ్గు గనిలో, దెబ్బ తగిలి, బొగ్గుపొడి లోపలే ఉండిపోయి గాయం మానితే, ఆ చోట నీలిరంగు గీత మిగులుతుంది. పచ్చబొట్టులాగా ఇక పోదు. మా దగ్గర ముక్కు మీదో, చేతుల మీదో అలాంటి గీత లేని కార్మికుడు అరుదు. పెళ్లి ఆల్బమ్‌కైనా, రిటైర్మెంట్ ఫోటోకైనా ముందు వాటిని తీసేస్తాను. ఎవరూ తీయమని అడగరు, ఎందుకు తీశావనీ అడగరు. నిజం చెప్పాలంటే ఆ పనికి నేను కొంచెం గర్వపడేవాణ్ని కూడా.

మొన్నటి ఎండాకాలం ఒక గురువారం, పొద్దున పదింటికి స్వరూప స్టూడియోకు వచ్చింది. మా వీధి చివరి క్వార్టర్‌లో ఉండే లింగయ్య కాక కూతురు. చేతిలో వాళ్ల నాన్న రిటైర్మెంట్ ఫోటో ఉంది. రెండేళ్ల కిందట నేను తీసిందే. శాలువా, మెడలో దండ, నల్లగా రంగేసిన జుట్టు.

కాక రిటైరయ్యాక మరుపు మొదలైందని నాకు తెలుసు. తెల్లవారుజామునే లేచి, బూట్లు తొడుక్కుని, ఫస్ట్ షిఫ్టుకు బయలుదేరేవాడు. ఎవరో ఒకరు గని గేటు దగ్గర ఆపి తీసుకొచ్చేవారు. ఆ సోమవారం ఎవరూ చూడలేదు. రామగుండం స్టేషన్ దగ్గర ఒకరికి కనబడ్డాడు, ఆ తర్వాత జాడ లేదు.

"నాలుగు దినాలాయె అన్నా. పోలీసోళ్లకు ఇదే ఫోటో ఇచ్చినం. గని దీన్ల మా నాయిన పెండ్లికొడుకు లెక్క ఉన్నడు. గిట్ల జూస్తె ఎవలు గుర్తువడ్తరు? ఇప్పుడెట్ల ఉంటడో గట్ల చెయ్యరాదే," అంది.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, కానీ నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ముఖాన్ని మెరిపించింది నేనే కదా. ఫోన్లో ఇంకేమైనా ఫోటోలు ఉన్నాయా అంటే, కాక కెమెరా ఎదుట నిలబడే మనిషి కాదని చెప్పింది. ఉన్నవి రెండూ పక్కకు తిరిగినవే.

పాత హార్డ్ డిస్కులో వెతికితే దిద్దకముందు తీసిన అసలు ఫోటో దొరికింది. అందులో కాక ముఖం మీద రెండు నీలి మచ్చలున్నాయి. ఒకటి ముక్కు మీద, ఒకటి గడ్డం కింద. వాటిని అలాగే ఉంచి, జుట్టుకు తెలుపు తెచ్చాను. చెంపలు కొంచెం లోపలికి నొక్కాను. నాలుగు రోజుల గడ్డం వేరే లేయర్‌లో, ఫోటో మీద పరిచిన విడి పొరలో, వెంట్రుక వెంట్రుకగా గీశాను. కృత్రిమ మేధతో ముఖాలు మార్చే కొత్త టూల్స్ నా దగ్గర ఉన్నాయి కానీ వాడలేదు. అవి లేనివి కల్పిస్తాయి. తప్పిపోయిన మనిషిని వెతికే ఫోటోలో కల్పన ఉండకూడదనుకున్నాను.

మధ్యాహ్నం పని అయిపోతుండగా ఎడమ కనుబొమ్మ పైన మూడో మచ్చ కనబడింది.

ముందు స్క్రీన్ మీద దుమ్మనుకున్నాను. మా ఊళ్లో దుమ్మంటే నల్లదుమ్మే, రోజుకు నాలుగుసార్లు గుడ్డ పెట్టి తుడవాలి. తుడిచాను, పోలేదు. ఫోటోను పక్కకు జరిపితే మచ్చ కూడా జరిగింది. గోరంత పొడవు, ఏటవాలు, కింది కొస కొంచెం వంకర. అసలు ఫోటో తెరిచి ఎంత పెద్దది చేసి చూసినా అక్కడ నున్నటి చర్మమే.

నా చేయే ఎక్కడో జారిందనుకుని బ్రష్‌తో తీసేశాను. సేవ్ చేసి మళ్లీ తెరిస్తే ఉంది. లేయర్లు ఒక్కొక్కటీ ఆపి చూశాను. ఏ లేయర్‌లోనూ విడిగా కనబడలేదు, అన్నీ కలిపితే కనబడింది. రెండోసారి తీశాను. స్టూడియోలో ప్రింటింగ్ నా భార్య సుజాత చూసుకుంటుంది, ఆమెను పిలిచి చూపించాను. స్క్రీన్ మీద మచ్చ లేదని ఆమె కూడా చెప్పాకే స్వరూపకు వాట్సాప్‌లో పంపాను. ఆమె వెంటనే తెలిసిన గ్రూపులన్నింటికీ పంపింది.

సాయంత్రం సుజాత తన ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. ఆమె ఉన్న గ్రూపులోకి కూడా ఆ ఫోటో వచ్చింది.

"గీ మచ్చ తీసిన అంటివి. మల్ల గట్లనే ఉన్నది," అంది.

ఉంది. నా కంప్యూటర్‌లోని ఫైలులో మాత్రం లేదు.

మర్నాడు పొద్దున్నే స్వరూప వచ్చింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. "మా నాయినకు నొసలు మీద మచ్చ లేదన్నా. మచ్చ లేనోన్ని జూసి, ఈన గాదు అనుకుని ఇడిచిపెడ్తె ఎట్ల?" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. అక్కడికక్కడే శుభ్రమైన ఫోటో పంపాను, అది సరిగానే వెళ్లింది. కానీ మొదటిది అప్పటికే చేతులు దాటిపోయింది. మంచిర్యాల నుంచి, గోలేటి నుంచి మచ్చ ఉన్న ఫోటోనే తిరిగి తిరిగి మాకు వచ్చేది. నా పొరపాటు వల్ల మనిషి దొరకకుండా పోతాడేమోనని ఆ రోజుల్లో నాకు అన్నం సహించలేదు.

మూడో వారంలో స్వరూపకు మహారాష్ట్రలోని బల్లార్షా వైపు ఒక ఆశ్రమం నుంచి ఫోన్ వచ్చింది. దిక్కులేని వాళ్లను ఉంచుకునే చిన్న చోటు అది. అక్కడ వంట చేసే తెలుగావిడకు బంధువుల గ్రూపులో ఆ ఫోటో చేరిందట, అలాంటి మనిషి తమ దగ్గర ఉన్నాడంది. మేము నమ్మాలో వద్దో తెలియని స్థితిలో ఉన్నాం. ఆ సంగతి పట్టించుకోకుండా స్వరూప అప్పటికప్పుడే బండి మాట్లాడింది. నేనూ వెళ్లాను, ఇంట్లో కూర్చోలేక.

మధ్యాహ్నానికి చేరాం. వేపచెట్టు నీడన బెంచీ మీద లింగయ్య కాక కూర్చుని ఉన్నాడు. తలా గడ్డమూ నున్నగా గొరిగి ఉన్నాయి. నేను వెంట్రుక వెంట్రుకగా గీసిన గడ్డం, తెల్ల జుట్టు, ఏవీ లేవు. ఎడమ కనుబొమ్మ పైన మాత్రం గోరంత నీలి గీత ఉంది. ఏటవాలుగా, కింది కొస వంకరగా.

బొగ్గు వ్యాగన్లు నిలిపే లైను పక్కన పడిపోయి ఉంటే తప్పిపోయిన ఆ వారంలోనే బుధవారం సాయంత్రం దవాఖానకు తీసుకెళ్లారని వంటావిడ చెప్పింది. గాయం నిండా బొగ్గుపొడి ఉందట. కట్టు కట్టి ఆశ్రమానికి పంపారు, రెండు వారాలకు విప్పారు. "పేరు చెప్పకపాయె, ఊరు చెప్పకపాయె. ముక్కు మీద మచ్చ బాయిల జేసెటోళ్లకు మస్తుమందికి ఉంటది, ఫోటోల గడ్డం జూసి ఈన గాదనుకున్న. ఆ మచ్చ జూసినంక ఫోన్ జేసిన," అంది.

నేను లెక్క వేసుకున్నాను. గురువారం నా స్క్రీన్ మీద మచ్చ కనబడిన వేళకు కాక నుదుటికి కట్టు ఉంది. గాయం ఇంకా పచ్చిగానే ఉంది. మానిన తర్వాత అది ఎలా ఉంటుందో చూసినవాళ్లు ఎవరూ లేరు.

స్వరూప తండ్రి ముందు నేల మీద కూర్చుని ఆయన చేతులు పట్టుకుంది. కాక ఆమెను చాలాసేపు చూశాడు. పేరు గుర్తు రాలేదు.

"షిఫ్టు టైమయ్యిందా బిడ్డా?" అన్నాడు.

మా దగ్గర వారపు సెలవును ప్లేడే అంటారు. స్వరూప కళ్లు తుడుచుకోకుండానే, "ఇయ్యాల ప్లేడే నాయినా. ఇంటికి పోదాం పా," అంది.

ఆ మాట ఆయనకు ఎక్కడో తగిలింది. భుజాలు కిందికి దిగాయి. బూట్లు విప్పి చేత్తో పట్టుకుని మా వెంట బండి దాకా నడిచాడు. ఆయన ఎక్కాక నేను డ్రైవర్ పక్కన కూర్చుని, ముఖం కిటికీ వైపు తిప్పుకుని ఏడ్చాను.

తర్వాత తెలిసిన ఫోటో ఎడిటర్లను ఇద్దరు ముగ్గురిని అడిగాను. ఒకరు ఫైలు పాడై ఉంటుందన్నారు, ఇంకొకరు నిద్రలేక నేనే గీసి ఉంటానన్నారు. ఫైలు పాడైతే రంగులు చెదురుతాయి, ఒక మనిషి నుదుటి మీద ఇంకా మానని గాయానికి మచ్చ పడదు. నేనే గీశానంటే, ఆ వంకర కొస నా చేతికి ఎలా తెలిసింది? సమాధానం వెతకడం మానేశాను.

దయ్యాలను ఇప్పటికీ నమ్మను. సాయంత్రాలు స్టూడియో మూసి ఇంటికి వెళ్తుంటే క్వార్టర్ ముందు కుర్చీలో కాక కనబడతాడు. నన్ను ఎవరో పాత షిఫ్టు మనిషి అనుకుని చెయ్యెత్తుతాడు. నేనూ ఎత్తుతాను.