గంగులమ్మ ఊపిరి, చౌడప్ప మందు

ఆండర్సన్‌పేటలో గంగులమ్మ ఇడ్లీల పొయ్యి అంటుకుంటే తెల్లారినట్టు లెక్క. క్యాసంబళ్ళి నుంచి కోడలిగా వచ్చిన ఏడాది నుంచీ అదే పొయ్యి, అవే నీలగిరి కట్టెలు, అదే ఇనుప ఊదుగొట్టం. బంగారు గని నడిచినన్నాళ్లూ మొదటి షిఫ్టువాళ్లు ఆమె ఇడ్లీలు తిన్నాకే లోపలికి దిగేవారు. గని మూతబడి ఎనిమిదేళ్లయింది. దిగడానికి చోటు లేకపోయినా తినడానికి మాత్రం వస్తూనే ఉన్నారు.

ఆమె మొగుడు చౌడప్ప ముప్పై ఏళ్లు భూమి లోపల రాతికి బెజ్జాలు వేసిన మనిషి. ఆ పని చేసినవాళ్లకు రాతిదుమ్ము రొమ్ములో పేరుకుని, నలభై అయిదు దాటేసరికి దగ్గు పట్టుకునేది. చౌడప్పకు పట్టలేదు. ఎందుకు పట్టలేదో ఎవరికీ తెలియదు. దాంతో ఆయనకు కొంచెం తలవంపులుగా ఉండేది. సాయంత్రం అరుగు మీద తోటివాళ్లంతా దగ్గుతుంటే ఈయనొక్కడే ఊరికే కూర్చోవలసి వచ్చేది.

"నువ్వు నిజంగా దిగినావా, లేకుంటే పైనే కూచోని పొద్దు పోగొట్టినావా?" అని మారప్ప ఎత్తిపొడిచేవాడు. ఇద్దరూ ఒకే గ్యాంగులో పనిచేసినవాళ్లే. మర్యాద కోసం చౌడప్ప అప్పుడప్పుడు రెండు దగ్గులు దగ్గేవాడు. అవి నప్పేవి కావు.

గంగులమ్మకేమో రెండేళ్లుగా ఆయాసం. కొళాయి నుంచి బిందె తెస్తే దారిలో రెండుచోట్ల దించాలి. ఎవరైనా అడిగితే "వయసు" అనేది. గట్టిగా అడిగితే "లావయినాను" అనేది. రవికెలు చూస్తే వదులవుతున్నాయి.

ఆ మాఘమాసంలో బళ్లో ఊపిరితిత్తుల క్యాంపు పెట్టారు. మొగుణ్ణి బలవంతాన లాక్కుపోయింది గంగులమ్మే. అక్కడ ఒక చిన్న మిషను, దానికి అట్టగొట్టం. చౌడప్ప ఊదాక డాక్టరమ్మ "మీరూ ఊదండమ్మా" అంది. గంగులమ్మకు నవ్వొచ్చింది. గొట్టం ఊదడం తనకు నేర్పాలా? కొంగు బిగించి ఊదింది. "ఇంకా, ఇంకా" అంటూనే ఉంది డాక్టరమ్మ. లోపల ఇంకా ఏమీ లేదు.

తర్వాత ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. "లోపలి ఊపిరి గొట్టాలు సన్నబడినాయి. పూర్తిగా పోయే జబ్బు కాదు, అదుపులో పెట్టుకోవచ్చు. దినామూ మందు పీల్చాల. పొగ పక్కకు పోకూడదు. నెలకు మళ్లా రండి." ఇదంతా గంగులమ్మ వైపే చూస్తూ చెప్పింది. మొగుడి జబ్బు పెళ్లానికి కాక ఇంకెవరికి చెబుతారు? గంగులమ్మ జాగ్రత్తగా విన్నది. చౌడప్ప గంభీరంగా తలవూపాడు.

ఇంటికొచ్చాక చిక్కు మొదలైంది. వీధి చివర పిల్లప్ప, ఒకప్పటి గుమాస్తా, క్యాంపులో ఇచ్చిన కాగితాలు రెండూ చదివి అద్దాలు తుడుచుకున్నాడు. "బాగుండాది అనే కాగితం చౌడప్ప పేరుతో ఉండాది. జబ్బు కాగితం నీ పేరుతో ఉండాదమ్మా."

"నా పేరుతోనా? నేను యాడ దిగినానప్పా?"

"అదే గదా. వందమంది ఊదినారు, పేర్లు తారుమారయినాయి. పొగ అనింది బీడీ గురించే. గనిలో దిగని ఆడమనిషికి గని జబ్బు యాడిది?"

వీధి మొత్తానికి అది సబబుగా తోచింది. చౌడప్పకు మరీ సబబుగా తోచింది. బీడీ మానేశాడు. మఫ్లరు చుట్టుకున్నాడు. క్యాంపులో ఇచ్చిన, గుళిక వేసి పీల్చే ప్లాస్టిక్ మందుగొట్టాన్ని జేబులో, ఒకప్పుడు బీడీకట్ట ఉన్నచోటే, పైకి కనబడేలా పెట్టుకున్నాడు. మారప్ప అరటిపళ్లు తెచ్చి, "ఇప్పుడు మావోడివైనావప్పా" అని భుజం తట్టాడు. చూడవచ్చినవాళ్లకు గంగులమ్మ కాఫీలు మోసింది, గడప గడపకూ ఆగుతూ.

రొప్పుతూ నిలబడినప్పుడల్లా ఆమెకు ఆ కాగితం గుర్తొచ్చేది. పేరు తనది. ఆయాసమూ తనదే. కానీ ఇంతమంది కాదంటుంటే? పైగా ముప్పై ఏళ్లు చీకట్లో చాకిరీ చేసినవాడి జబ్బును, పొయ్యి ముందు కూర్చున్న తను నాదంటే, మొగుడి కష్టాన్ని కాజేసినట్టు ఉండదూ? నోరు మూసుకుంది.

పదకొండో రోజు పొద్దున కట్టెలు మంచుకు తడిసి ఉన్నాయి. గంగులమ్మ వంగి ఊదింది. పొగ వచ్చింది, మంట రాలేదు. మళ్లీ ఊదింది. బూడిదైనా కదలలేదు. కళ్లు చీకట్లు కమ్మి, ఊదుగొట్టం పక్కన పడేసి గోడకు ఆనుకుంది.

"తే ఇట్ల" అంటూ చౌడప్ప వచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఊదుగొట్టం పట్టింది లేదు. తప్పు కొసను నోట్లో పెట్టుకుని, మూతి మసి చేసుకుని, తర్వాత తిప్పి పట్టుకుని ఒక్క ఊపు ఊదాడు. బూడిద దూలం దాకా లేచింది. పొయ్యి భగ్గుమంది.

చౌడప్ప మంటనూ, గోడకానుకుని రొప్పుతున్న పెళ్లాన్నీ మార్చి మార్చి చూశాడు.

"మే, ఆ డాక్టరమ్మ జబ్బు గురించి చెప్పేటప్పుడు ఎవురి పక్క చూసింది?"

"నా పక్కే."

"మరి చెప్పలేదేమే?"

"నాకేమి తెలుసప్పా. నీదేమో అనుకొంటి. నువ్వూ మురిసిపోతా ఉంటివి."

చౌడప్ప దొంగసొమ్ముతో దొరికినవాడిలా జేబులోంచి గొట్టం తీశాడు. వేడినీళ్లతో కడిగాడు. తడి లేకుండా తుడిచి, కొత్త గుళిక వేసి ఆమె చేతిలో పెట్టాడు. గంగులమ్మ దాన్ని నోట్లో పెట్టుకుని, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని, అలవాటుగా ఊదింది. తెల్లని పొడి చౌడప్ప మీసాల మీద పడింది.

"ఊదేది కాదే, పీల్చేది. నేను పది దినాలు పీల్చినా గదా, నాకు తెలుసు. లోపలికి లాగు. లాగి పట్టుకో."

ఇంకో గుళికతో లాగింది. తియ్యగా ఉందో చేదుగా ఉందో తెలియలేదు. చౌడప్ప తన మఫ్లరు తీసి ఆమె మెడకు చుట్టి, పొగ తగలకుండా వీధి అరుగు మీద కూర్చోబెట్టి, తనే పొయ్యి దగ్గర కూర్చున్నాడు.

మారప్ప ఇడ్లీలకు వచ్చాడు. "ఎట్లుండాదప్పా నీ రొమ్ము?" అన్నాడు లోపలికి తొంగిచూసి.

చౌడప్ప జవాబు చెప్పబోయాడు. నీలగిరి పొగ గొంతులోకి పోయి, కళ్లనీళ్లు కారేదాకా దగ్గు వచ్చింది. మొదటిసారి నప్పిన దగ్గు. మారప్ప జాలిగా తలవూపి, మఫ్లరులో ఉన్న గంగులమ్మను చూసి, ఏమీ అర్థంకాక ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఇది ఎన్నాళ్లు పీల్చాలంట?" గంగులమ్మ లోపలికి కేకేసింది.

"ఉన్నన్నాళ్లూ."

ఆమె గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎవురు ఉన్నన్నాళ్లప్పా? నేనా, పొయ్యా?"