దాగ్నీ కింది దవడ

దాగ్నీ కింది పళ్ళ సెట్టు రొయ్యల ఐసులో పడింది శుక్రవారం నాడు. వారం మొత్తంలో మా చేపల హాలు కిటకిటలాడేది ఆ రోజే. నేను పక్క కొట్టులో కాడ్ చేపకి వెన్నెముక తీస్తున్నాను. దాగ్నీ ఎప్పటిలాగే గొంతెత్తి పిలుస్తోంది. "తాజా రొయ్యలు! పొద్దున్న పడవలో వచ్చిన రొయ్య..." మాట సగంలోనే ఆగిపోయింది. గులాబీరంగు చిగుళ్ళతో సహా పళ్ళ వరస ఎగిరి రొయ్యల కుప్ప మీద పడి, ఐసు ముక్కల్లోకి జారింది.

వరసలో ముందున్నది పదవీ విరమణ చేసిన ఒక ఓడ కెప్టెన్. స్వీడన్‌లో మా గోథెన్‌బర్గ్ రేవు మనిషి దొరికిన హాస్యాన్ని వదిలిపెడతాడా?

"అమ్మో! ఈ రొయ్యలు కరిచేలా ఉన్నాయే!" అన్నాడు.

వరసంతా నవ్వింది. నేనూ నవ్వాను, దాచడమెందుకు. దాగ్నీ మాత్రం నవ్వలేదు. సెట్టు తీసి ఏప్రన్‌కి తుడిచి జేబులో వేసుకుంది. ఎడమ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, "అరకిలోనా, కిలోనా?" అని అడిగింది. తూచింది, పొట్లం కట్టి ఇచ్చింది. సోమవారం నుంచి మాత్రం ముందుకి రాలేదు. వెనక బల్ల దగ్గర చేపలు కోస్తూ, కొనేవాళ్ళని నా వైపు పంపేది. ఇరవై రెండేళ్ళు పక్కపక్కన నిలబడి అమ్మిన మనుషులం మేము. ఆమె గొంతు లేని హాలు నాకు కొత్తగా తోచింది.

అది పంతొమ్మిది వందల డెబ్భై ఒకటో సంవత్సరం. దాగ్నీ బ్రూర్సన్‌కి నలభై ఏడేళ్ళు. పుట్టింది మా తీరానికి ఎదురుగా ఉన్న దీవుల్లో, చేపలు పట్టేవాళ్ళింట్లో. పంతొమ్మిదో ఏట పెళ్ళి కుదిరాక వాళ్ళ నాన్న ఆమెని పడవలో ఊళ్ళోకి తీసుకొచ్చి పళ్ళన్నీ పీకించాడు. ఆ రోజుల్లో కూతురు బాగుండాలనుకునే తండ్రులు చాలామంది చేసిన పనే అది. ఒక్కసారిగా అన్నీ తీయించి కట్టుడు పళ్ళు పెట్టిస్తే, కాపురంలో పంటినొప్పి అన్న మాటే ఉండదనుకునేవారు.

"పాడైనవి నాలుగే. మిగతావన్నీ రాళ్ళే," అని ఒకసారి చెప్పింది నాకు. "ఆ డాక్టరు మోకాలు కుర్చీకి తన్నిపెట్టి మరీ లాగాడు. రెండు రోజులు పట్టింది. మా నాన్న బయట టోపీ చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. నాకు మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. ఆయన్నేమీ అనను."

పళ్ళ వేళ్ళు లేని ఎముక ఏళ్ళు గడిచేకొద్దీ కరిగిపోతుంది. పైసెట్టు అంగిలికి అతుక్కుని ఉండేది కాబట్టి దానితో గొడవ లేదు. కింది దవడ మాత్రం సన్నబడి సన్నబడి, సెట్టు కూర్చోవడానికి గట్టు లేకుండా పోయింది. ఒకదాని తరవాత ఒకటి ఐదు సెట్లు చేయించింది. పొడులు వాడింది, జిగురు వాడింది. ఇంట్లో చిదిమిన బంగాళాదుంపలు, నలిపిన చేప. కరకరలాడే రై ధాన్యపు రొట్టెని కాఫీలో నానబెట్టి మింగేది. పెళ్ళిళ్ళకి వెళితే ముందే తిని వచ్చానని చెప్పేది. అందరూ తింటుంటే ఆమె గిన్నెలు అందిస్తూ తిరిగేది.

పళ్ళు పడిపోయిన మూడు వారాలకి, విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో గాజు సామాను కడిగే ఒకావిడ నా దగ్గర హెర్రింగ్ చేపలు కొంటూ మాటల్లో అంది. "మా దగ్గర మనుషుల దవడల్లో లోహపు వేళ్ళు నాటుతున్నారు, తెలుసా? ముందు కుందేళ్ళకీ కుక్కలకీ చేశారు. వాటి మీద పళ్ళు బిగిస్తే ఇక ఊడవట."

వెనక కత్తి చప్పుడు ఆగింది. దాగ్నీ చేతులకి పొలుసులతోనే ముందుకి వచ్చింది.

"ఎక్కడ? వీధి పేరు చెప్పు."

ముందు తన పాత దంతవైద్యుడు తూరెల్ గారిని అడుగుదామంది. నన్నూ తోడు తీసుకెళ్ళింది. ఆయన చెడ్డవాడు కాదు. చదువుకున్న పుస్తకాల్లో ఉన్నదే చెప్పాడు.

"ఎముక లోహాన్ని ఒప్పుకోదు, దాగ్నీ గారూ. చీము పడుతుంది. ఉన్న కాస్త దవడా విరుగుతుంది. మీరేమన్నా కుందేలా, వాళ్ళు సూదులు గుచ్చి చూసుకోడానికి?"

"మీరు చేసిచ్చిన సెట్లు మూడు నా సొరుగులో ఉన్నాయి డాక్టరు గారూ," అంది దాగ్నీ లేస్తూ. "వాటిలో ఒక్కదాన్ని కూడా నా ఎముక ఒప్పుకోలేదు."

ఆ మర్నాడే ప్రయోగశాల ఆవిడ చెప్పిన వీధికి వెళ్ళాం. అక్కడి డాక్టరు పొడుగాటి మనిషి, నలభై దాటి ఉండవు. అప్పుడప్పుడే మా దేశంలో చిన్నా పెద్దా అందరూ అందరినీ 'నువ్వు' అనడం మొదలైంది. "నన్ను స్తూరె అను చాలు," అన్నాడు ఆమెతో. దాగ్నీ చివరిదాకా ఆయన్ని మీరనే అంది. నోట్లో చెయ్యి పెట్టే మనిషిని నువ్వనలేనని ఆమె పట్టుదల.

ఎక్స్‌రే చాలాసేపు చూశాడాయన. తరవాత ఒక చిన్న స్క్రూ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. చిటికెన వేలి గోరంత పొడుగు, బూడిదరంగు.

"టైటానియం. ఎముక దీన్ని పరాయిదనుకోదు. చుట్టూ పెరిగి అతుక్కుపోతుంది. ఆర్నెల్లు చిగురు కింద కదలకుండా ఉండాలి, అంతే."

"అతుక్కోకపోతే?"

"తీసేస్తాం. కొందరికి తీశాం కూడా. నీ దవడ మరీ పల్చగా ఉంది, విరిగే ప్రమాదమూ ఉంది. నీకు అబద్ధం చెప్పను."

"ఎంతమందికి తీశారు?"

ఆయన చెప్పాడు. తక్కువేమీ కాదు. దాగ్నీ ఆ స్క్రూని వేళ్ళ మధ్య తిప్పి చూసింది.

"రేపు రమ్మంటారా?"

"వచ్చే నెల," అన్నాడు స్తూరె నవ్వి.

ట్రాములో తిరిగి వస్తూ, "ఇంకొకసారి ఆలోచించుకోవే," అన్నాను.

"ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నా సిగ్నె. ఇక చాలు."

మిగిలింది భర్త హెల్గె. ఓడలు కట్టే చోట క్రేన్ నడిపేవాడు. మాటలు తక్కువ. ఆదివారం కాఫీకి నన్నూ పిలిచింది, ధైర్యం కోసమే అనుకుంటాను. విషయం విని హెల్గె కప్పు కింద పెట్టాడు.

"టైటానియం తుప్పు పట్టదు, అది నాకూ తెలుసు. కానీ నీ మూతి ఓడ కాదు కదా."

"ఓడకైతే అడ్డు చెప్పేవాడివి కాదు."

"వద్దు దాగ్నీ. ఇప్పుడేమైంది, బాగానే ఉన్నావుగా."

అన్నేళ్ళ కాపురంలో దాగ్నీ తన బోసినోరు అతనికి ఒక్కసారి కూడా చూడనివ్వలేదు. ఆ రోజు నా ఎదటే రెండు సెట్లూ తీసి సాసర్లో పెట్టింది. మొహం ఒక్కసారిగా లోపలికి ముడుచుకుపోయింది. గడ్డం ముక్కు దగ్గరికి వచ్చింది. నలభై ఏడేళ్ళ మనిషి డెబ్భై ఏళ్ళ ముసలమ్మ అయింది. మాటలు తడబడినా స్పష్టంగానే చెప్పింది.

"చూడు. నువ్వు పెళ్ళాడినదాన్ని ఇప్పటిదాకా చూడలేదు. బాగా చూసి, ఇప్పుడు చెప్పు వద్దని."

నేను కిటికీ వైపు తిరిగాను. హెల్గె తల తిప్పుకోకుండా చూశాడు. చివరికి, "ఆపరేషన్ రోజు నేనూ వస్తాను. సెలవు పెడతాను," అన్నాడు. సాసరు ఆమె వైపు మెల్లిగా జరిపాడు.

ఆపరేషన్ నాలుగు గంటలు. దవడ మొద్దుబారేలా సూదులిచ్చారు గాని, మనిషి మెలకువగానే ఉంది. ఎముక వేడెక్కకూడదని నీళ్ళు పోస్తూ, మెల్లిమెల్లిగా తొలిచారు. నొప్పి లేదుగాని తలంతా గుయ్యిమని మోగిందట. చిన్నప్పుడు వాళ్ళ నాన్న నేర్పిన దీవుల పేర్లు, రాతిదిబ్బల పేర్లు ఉత్తరం నుంచి దక్షిణానికి వరసగా మనసులో చెప్పుకుందట. అయిపోతే మళ్ళీ మొదటి నుంచి. ఏడుసార్లు తిరిగి వచ్చానంది. ఆరు స్క్రూలు బిగించి చిగురు కుట్టేశారు.

రెండు వారాలు కింది సెట్టు పెట్టుకోకూడదు. ఆ రెండు వారాలూ ఇంట్లోనే ఉంటుందనుకున్నాను. పదో రోజునే వచ్చేసింది. గడ్డం కింద నీలం, పసుపు కమిలిన మచ్చలు మెడ దాకా దిగి ఉన్నాయి. వచ్చి వెనక బల్ల దగ్గరికి కాదు, తిన్నగా ముందు గల్లా దగ్గరికి నడిచింది. అదే కెప్టెన్ వచ్చాడు.

"ఏం దాగ్నీ, ఇవాళ మూతి బిగించావు?"

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. "పునాది వేశారు కెప్టెన్ గారూ. ఆరేదాకా మేడ కట్టరు. అరకిలోనా, కిలోనా?"

ఆయన టోపీ సర్దుకుని, "కిలో," అన్నాడు బుద్ధిగా.

ఆర్నెల్లు జావ, చేప పులుసు, గంజిలాంటి తిండి. అడుగు మెత్తబరిచిన పాత సెట్టు పేరుకే నోట్లో ఉండేది, నమలడం నిషేధం. బట్టలు వదులైపోయాయి. వేడి వేడి వాఫుల్ అట్లు తెచ్చి ఊరించాను ఒకసారి. "వసంతంలో పెట్టు," అని తోసేసింది. ఒక్కసారి కూడా కక్కుర్తి పడలేదు.

వసంతంలో చిగురు తెరిచారు. ఎడమవైపు చివరి స్క్రూ వేలితో తాకగానే తిరిగిపోయింది. ఎముక దాన్ని పట్టుకోలేదు. స్తూరె దాన్ని తీసి పళ్ళెంలో వేశాడు. ఆయన మొహం వాడిపోయిందని తరవాత హెల్గె చెప్పాడు.

"మిగతావి?" అంది దాగ్నీ మొద్దుబారిన నోటితోనే.

ఒక్కొక్కదాన్నీ చిన్న కడ్డీతో తట్టి చూశాడు. ఎముకకి అతుక్కుపోయిన స్క్రూ ఖంగుమంటుందట. ఐదూ ఖంగుమన్నాయి.

"బల్లకి నాలుగే కాళ్ళు. నాకు ఒకటి ఎక్కువే ఉంది. పని కానివ్వండి."

ఇంకొన్ని వారాలకి ఆ ఐదింటి మీద పళ్ళ వరస బిగించారు. బయటికి రాగానే మేము ముగ్గురం మూలమీద కాఫీ కొట్టుకి వెళ్ళాం. రై రొట్టె, పైన జున్ను తెప్పించుకుంది. తెప్పించుకుని దానివైపే చూస్తూ కూర్చుంది.

"ఎంత గట్టిగా కొరకాలో మర్చిపోయానే."

"కొరుకు, అదే తెలుస్తుంది," అన్నాను.

కొరికింది. రొట్టె ఫెళ్ళుమంది. పక్క బల్ల వాళ్ళు తిరిగి చూశారు. మొదటి ముక్కకే బుగ్గ కొరుక్కుని, "అబ్బా!" అంటూనే నమిలింది. నములుతూనే ఉంది. హెల్గె తన కాఫీ తాగడం మరిచిపోయి చూస్తున్నాడు.

"రుచి కాదు సిగ్నె," అంది చివరికి. "చప్పుడు. నా తల లోపల చప్పుడవుతోంది."

రెండేళ్ళు గడిచాయి. స్వీడన్ నలుమూలల నుంచి దంతవైద్యులు మా ఊళ్ళో ఒక సమావేశానికి వచ్చారు. ఈ స్క్రూల సంగతి మీద వాళ్ళలో పెద్ద రగడ నడుస్తోంది. వచ్చి నోరు చూపించగలవా అని స్తూరె అడిగితే, చూపిస్తానంది. ఆదివారం గౌను వేసుకుని, రెండు వందల మంది ఎదట కుర్చీలో కూర్చుంది. వేరే ఊరి నుంచి వచ్చిన తెల్లజుట్టు ప్రొఫెసరు ఒకాయన లేచాడు.

"ఇది రెండేళ్ళ ముచ్చట. పదేళ్ళకి ఈవిడ దవడ పుచ్చిపోతే ఎవరండీ బాధ్యులు?"

స్తూరె నోరు తెరిచేలోపే దాగ్నీ లేచి నిలబడింది.

"నేనండి. కాగితం మీద సంతకం పెట్టింది నేను. పంతొమ్మిదేళ్ళప్పుడు నా పళ్ళన్నీ పీకినప్పుడు మాత్రం ఎవరు బాధ్యులని మీలో ఒక్కరూ అడగలేదు." ఆమె ప్రొఫెసరు వైపు తిరిగింది. "మీకు అనుమానంగా ఉంటే కిందికి వచ్చి లాగి చూడండి."

ప్రొఫెసరు నిజంగానే దిగి వచ్చాడు. కళ్ళజోడు సర్దుకుని, బొటనవేలు, చూపుడువేలుతో ఆ పళ్ళ వరస పట్టుకుని లాగాడు. పళ్ళు రాలేదు. ఆయన చేతితోపాటు దాగ్నీ తల ముందుకి వచ్చింది. హాలంతా గొల్లుమంది. ఆయన నవ్వలేదు. ఇంకోసారి లాగాడు. రుమాలుతో చెయ్యి తుడుచుకుని, "మన్నించండమ్మా," అని వెళ్ళి కూర్చుని, తన పుస్తకంలో ఏదో రాసుకోసాగాడు.

దాగ్నీ అరవై ఐదు నిండేదాకా హాలులో చేపలు అమ్మింది. ఎనభై రెండో ఏట, నిద్రలో, ఏ జబ్బూ లేకుండా పోయింది. అంతకు ముందు శీతాకాలం తీయించుకున్న ఎక్స్‌రేలో కూడా ఐదు స్క్రూలూ ఉన్నచోటే ఉన్నాయి.

ఆ సమావేశం తరవాత ఆమెకి ఇంకో పని అలవాటైంది. సెలవు రోజున స్తూరె వైద్యశాలకి వెళ్ళి, వరండాలో భయపడుతూ కూర్చున్నవాళ్ళ పక్కన కూర్చునేది. ఒకసారి నేనూ ఉన్నాను. ఉత్తరాది అడవుల్లో చెట్లు కొట్టే మనిషి, పెద్ద పెద్ద చేతులు, రాత్రంతా రైల్లో ప్రయాణం చేసి వచ్చాడు. లోపలి నుంచి పేరు పిలవగానే లేచి, బయటి తలుపు వైపు నడవబోయాడు.

"నొప్పి పుడుతుందేమో అనా?" అంది దాగ్నీ.

అతను తలూపాడు.

"వారం రోజులు పుడుతుంది, అబద్ధం చెప్పను. ఒకటో రెండో నిలవకపోవచ్చు కూడా. మీరు వెళ్ళిపోయినా ఇక్కడెవరూ ఏమీ అనరు. కానీ రేపు పొద్దున్న మీ ఇంట్లో మళ్ళీ ఇదే నోటితో లేస్తారు."

అతను తలుపు దగ్గర నుంచి వెనక్కి తిరిగాడు. తరవాత కోటు విప్పి ఆమె చేతికిచ్చి లోపలికి వెళ్ళాడు. దాగ్నీ ఆ కోటు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. సంచిలోంచి అల్లిక తీసి, అతను బయటికి వచ్చేదాకా అక్కడే కూర్చుంది.